జనం అలవాట్లు, ఆచారాలు, ప్రజారోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరోగ్య కార్యక్రమాలు నడిపేవాళ్లు, క్షేత్రస్థాయిలో తిరిగేవాళ్లు, ఈ సబ్జెక్టు కొత్తగా చదువుతున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి అవ్వదు. వరసగా చదవాలని లేదు, మీకు కావలసిన చోటికి వెళ్లిపోవచ్చు.

ఇంతకీ "ప్రవర్తన, సంస్కృతుల అవగాహన" అంటే ఏమిటి?

మనుషులు ఆరోగ్యానికి మేలు చేసే పని ఎందుకు చేస్తారు, ఎందుకు చేయరు అన్నది ఊహించుకోకుండా కనుక్కోవడం. కనుక్కున్నదాన్ని బట్టి సేవలనో, నియమాలనో, చెప్పే మాటలనో మార్చడం. అంతే. టీకాకి రావడం, మందుల కోర్సు పూర్తి చేయడం, పొగ మానేయడం, చేతులు కడుక్కోవడం, పరీక్ష చేయించుకోవడం, ఇవన్నీ చివరికి ఎవరో ఒక మనిషి ఒక రోజు ఒక చోట చేయాల్సిన పనులు. మందు ఎంత గొప్పదైనా ఆ మనిషి దాకా వెళ్లి ఆగిపోతే లాభం లేదు.

ఇందులో మనస్తత్వ శాస్త్రం ఉంది, మానవ శాస్త్రం ఉంది, సామాజిక శాస్త్రం, ఆర్థిక శాస్త్రం కూడా ఉన్నాయి. ఏ ఒక్కదాని సొత్తూ కాదు.

జనానికి తెలియకే కదా ఇబ్బంది? బాగా ప్రచారం చేస్తే సరిపోదా?

అందరూ మొదట అడిగేది ఇదే. ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే.

చేతుల శుభ్రత సంగతే చూడండి. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు వార్డుకి వచ్చే వైద్యులు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. అంతకుముందు ఒక నెలలో 18 శాతం దాటిన బాలింత మరణాలు కొద్ది నెలల్లో 2 శాతం దగ్గరికి దిగాయి. లెక్కలు కళ్లెదుటే ఉన్నా తోటి వైద్యుల్లో చాలామంది ఒప్పుకోలేదు. మా చేతుల వల్లే రోగులు పోతున్నారా అన్న మాట వాళ్లకి మింగుడుపడలేదు.

మరి అందరూ ఒప్పుకున్న తర్వాతైనా పరిస్థితి మారిందా? దాదాపు 150 ఏళ్ల తర్వాత, 1994లో, జెనీవాలోని యూనివర్సిటీ ఆసుపత్రిలో పరిశీలిస్తే, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో సిబ్బంది నిజంగా చేసుకుంటున్నది 48 శాతమే. క్రిముల గురించి వాళ్లకి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు, మరి ఎందుకు చేయలేదు? సింక్ దాకా నడవాలి, సబ్బుతో రుద్దాలి, ఆరబెట్టుకోవాలి, గంటలో ఎన్నోసార్లు. రద్దీగా ఉండే వార్డులో అది అయ్యే పని కాదు. అక్కడి వైద్యుడు దిదియే పితే బృందం ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ ద్రావణం పెట్టించింది, గోడలకి పోస్టర్లు అంటించింది, ఎలా జరుగుతోందో సిబ్బందికి ఎప్పటికప్పుడు లెక్క చూపించింది. 1997 నాటికి 48 కాస్తా 66 శాతం అయింది. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గాయి.

క్రిముల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన డాక్టర్ల దగ్గరే "తెలియడం" చాలలేదు. అలాంటిది రోగులకి ఇంకో కరపత్రం ఇస్తే చాలనుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

అంటే సమాచారం అక్కర్లేదా?

కావాలి. తెలియకపోవడమే అడ్డంకి అయిన చోట సమాచారమే మందు. కొత్త జబ్బు వచ్చినప్పుడు, కొత్త టీకా వచ్చినప్పుడు మొదట కావలసింది అదే. కాకపోతే, అడ్డంకి ఏమిటో చూడకుండానే ప్రచారానికి డబ్బు ఖర్చు పెట్టేయడం అన్నది అధికారులకి అలవాటైపోయింది. అదీ మార్చాల్సిన ప్రవర్తనే.

"సంస్కృతి" అని విడిగా ఎందుకు చెప్పడం? ప్రవర్తనలో అదీ ఒక భాగమే కదా?

ప్రవర్తన శాస్త్రం ఎక్కువగా ఒక్కొక్క మనిషిని చూస్తుంది: మరుపు, బద్ధకం, భయం, అలవాటు, పక్కవాళ్లని చూసి చేయడం. సంస్కృతి అంటే ఆ మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నది. జబ్బు అంటే ఏమిటి, ఎవరి మాట నమ్మాలి, ఒంటి గురించి ఎవరితో మాట్లాడవచ్చు, చనిపోయినవాళ్ల పట్ల మన బాధ్యత ఏమిటి, ఇవన్నీ అందులోవి. మరుపు ఉన్నవాడికి ఒక మెసేజ్ పంపితే గుర్తొస్తుంది. "మా ఇంట్లో ఆ పని చేయం" అనేవాళ్లకి ఎన్ని మెసేజ్‌లు పంపినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సంస్కృతి రోగులకి మాత్రమే ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. ఆసుపత్రికీ ఒక సంస్కృతి ఉంటుంది, ఆరోగ్య శాఖకీ ఉంటుంది. పెద్ద డాక్టరు తప్పు చేస్తుంటే నర్సు అడ్డుచెప్పగలదా? ప్రశ్నలు అడిగే రోగిని తెలివైనవాడు అంటారా, విసిగించేవాడు అంటారా? వీటికి జవాబు చట్టంలో రాసి ఉండదు.

సంస్కృతిని పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఒక ఉదాహరణ చెప్పండి.

2014 నుంచి 2016 వరకు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలను కుదిపేసిన ఎబోలా. 28,600 మందికి పైగా సోకింది, 11,300 మందికి పైగా చనిపోయారు.

ఎబోలాతో పోయినవారి శరీరంలో వైరస్ తీవ్రంగా ఉంటుంది. శవాన్ని కడిగి, ముట్టుకుని సాగనంపడం అక్కడి కుటుంబాల బాధ్యత. అలా సాగనంపకపోతే పోయినవారికి శాంతి ఉండదని, బతికున్నవారికి కీడు జరుగుతుందని నమ్మకం. మొదట్లో అధికారులు చేసింది సాంకేతికంగా సరైనదే: తల నుంచి పాదాల దాకా రక్షణ దుస్తులు వేసుకున్నవాళ్లు వచ్చి, శవాన్ని సంచిలో పెట్టి తీసుకెళ్లిపోయారు. చాలాసార్లు ఎక్కడ పాతిపెట్టారో కూడా ఇంట్లోవాళ్లకి తెలియలేదు. లైబీరియా రాజధానిలో ప్రభుత్వం దహనాలు మొదలుపెట్టింది. అక్కడివాళ్లకి అది ఊహకే అందని విషయం. దాంతో జనం రోగులను దాచిపెట్టారు, రాత్రిపూట రహస్యంగా పాతిపెట్టారు. జబ్బు ఇంకా పాకింది.

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతి విడుదల చేసింది. దాని తయారీలో మానవ శాస్త్రవేత్తలు, మత సంస్థలు పాలుపంచుకున్నాయి. బృందం రాగానే రక్షణ దుస్తుల్లో కాకుండా మామూలు బట్టల్లో కుటుంబాన్ని పలకరించాలి. ఏం చేయబోతున్నామో చెప్పి, ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాలి. శవాన్ని కడగడానికి బదులు నీళ్లు లేని శుద్ధి, వస్త్రం కప్పడం, ప్రార్థన, సమాధి మీద పేరు. "సురక్షిత, గౌరవప్రద అంత్యక్రియలు" అని పేరు పెట్టారు. వైరస్ విషయంలో ఒక్క నియమమూ సడలించలేదు. మారింది మనుషులతో వ్యవహరించిన తీరు.

దీన్ని చదివి చాలామంది "ఆచారం వల్ల జబ్బు వ్యాపించింది" అని రాసుకుంటారు. సగం నిజమే. అవమానం వల్ల కూడా వ్యాపించింది.

ఆచారాలన్నీ గౌరవించాలంటే మరి హాని చేసేవాటిని ఏం చేయాలి?

గౌరవించడం అంటే ఒప్పుకోవడం కాదు. ఆ ఆచారం ఏ అవసరం తీరుస్తోందో ముందు తెలుసుకోండి. ఆ అవసరాన్ని హాని లేకుండా తీర్చే దారి ఉంటే జనమే దాన్ని పట్టుకుంటారు. దారి లేకపోతే చట్టం, వైద్యం వాటి పని అవి చేయాల్సిందే. ఇంకో మాట, ప్రతి ఆచారమూ అడ్డంకి కాదు. పెద్దల మాట వినడం, బాలింతకి ఇంటిల్లిపాదీ సాయపడటం లాంటివి కార్యక్రమానికి బలం కూడా అవుతాయి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

"అవగాహన పెంచాలి" అన్న లక్ష్యాన్ని కొట్టేయడంతో. దాని బదులు ఒక పనిని రాసుకోండి: ఎవరు, ఏం చేయాలి, ఎప్పుడు, ఎక్కడ. "తల్లులకి టీకాల ప్రాముఖ్యత తెలియాలి" అని రాసుకుంటే కొలవలేం. "మొదటి డోసు వేయించిన తల్లి రెండో డోసుకి బిడ్డను గడువులోగా తీసుకురావాలి" అంటే కొలవగలం.

తర్వాత, ఇప్పుడు ఆ పని ఎందుకు జరగడం లేదో చూడాలి. దీనికి ఎక్కువమంది వాడేది సూసన్ మిచీ, మాయికె వాన్ స్ట్రాలెన్, రాబర్ట్ వెస్ట్ 2011లో ప్రతిపాదించిన కామ్-బి నమూనా (సామర్థ్యం, అవకాశం, ప్రేరణ, ప్రవర్తన అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు). అంతకుముందు ఉన్న 19 నమూనాలను పరిశీలించి దీన్ని కట్టారు. ఏ పనైనా జరగాలంటే మూడు కావాలి: సామర్థ్యం (ఒంటిలో శక్తి, బుర్రలో తెలివిడి), అవకాశం (సమయం, దూరం, డబ్బు, చుట్టూ ఉన్నవాళ్ల ఆమోదం), ప్రేరణ (చేయాలన్న నిర్ణయం, అలవాటు, భావోద్వేగం). మూడింట్లో ఏది లోపించిందో తేలితే మందు ఏమిటో సగం తేలిపోయినట్టే.

పైన చెప్పిన తల్లి సంగతే తీసుకోండి. రెండో డోసు తేదీ తెలియకపోతే అది సామర్థ్యం లోపం, కార్డు మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. కేంద్రం పనివేళల్లోనే తెరిచి ఉండి ఆమెకి ఆ రోజు కూలి పోతుంటే అది అవకాశం లోపం, సాయంత్రం తెరవండి. మొదటి డోసుకి బిడ్డకి జ్వరం వచ్చి, నర్సు కసురుకుని, ఆమె మనసు విరిగిపోయి ఉంటే అది ప్రేరణ లోపం. దీనికి పోస్టరు పనికిరాదు, నర్సుతో మాట్లాడాలి. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి: రిజిస్టరులో "రాలేదు" అని ఉంటుంది.

జనాన్ని అడిగితే నిజం చెబుతారా?

మొహమాటానికి చెప్పే జవాబులు చాలా ఉంటాయి. "చేతులు కడుక్కుంటారా?" అంటే ఎవరైనా కడుక్కుంటామనే అంటారు. పక్కన నిలబడి చూస్తున్నా ఆ కాసేపు బాగానే కడుగుతారు. అందుకని సర్వే ఒక్కటే నమ్ముకోకూడదు. పరిశీలన, సబ్బు ఎంత అయిందన్న లెక్క, ఆసుపత్రి రికార్డులు, తీరిగ్గా కూర్చుని మాట్లాడటం, అన్నీ కలిపి చూడాలి.

ప్రశ్న అడిగే తీరు కూడా మార్చుకోవాలి. "ఎందుకు రాలేదు?" అంటే నిలదీసినట్టు ఉంటుంది, ఏదో సాకు చెప్తారు. "కిందటిసారి రావాలనుకున్న రోజు పొద్దున్నించి ఏం జరిగిందో చెప్పండి" అనండి. బస్సు, పిల్లాడి ఏడుపు, అత్తగారి మాట, క్యూ, అన్నీ బయటికొస్తాయి.

నడ్జ్ అంటే ఏమిటి?

ఏదీ నిషేధించకుండా, డబ్బు ఆశ చూపకుండా, ఎంపిక చేసుకునే పరిస్థితిని కాస్త మార్చి మంచి పని వైపు ఒక చిన్న తోపు తోయడం. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. 2010లో బ్రిటన్ ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టింది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌ది. యాంటీబయాటిక్‌లు అందరికన్నా ఎక్కువగా రాస్తున్న 20 శాతం క్లినిక్‌లలో కొన్నింటికి 2014లో దేశ ప్రధాన వైద్యాధికారి పేరుతో ఉత్తరాలు వెళ్లాయి. సారాంశం ఒకటే వాక్యం: మీ ప్రాంతంలో 80 శాతం క్లినిక్‌లు మీకన్నా తక్కువ యాంటీబయాటిక్‌లు రాస్తున్నాయి. ఉత్తరం అందని క్లినిక్‌లతో పోలిస్తే అందినవాటిలో వాడకం 3.3 శాతం తగ్గింది, అంటే ఆరు నెలల్లో 73 వేల ప్రిస్క్రిప్షన్లు తక్కువ. ఖర్చు తపాలా బిళ్ల అంత. గమనించండి, ఇక్కడ మార్చింది రోగిని కాదు, డాక్టర్‌ని.

ఇంకొకటి. ఫ్లూ టీకా శిబిరం గురించి ఉద్యోగులకి పంపిన నోటీసులో "ఏ తేదీన, ఎన్ని గంటలకి వెళ్తారో ఇక్కడ రాసుకోండి" అని ఒక ఖాళీ గడి పెడితే, టీకా వేయించుకున్నవారు సుమారు 4 శాతం పాయింట్లు, అంటే వందకి నలుగురు, పెరిగారని అమెరికాలో 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది.

ఇవి నిజంగా అంత పనిచేస్తాయా, లేక హడావుడా?

రెండూ ఉన్నాయి. స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో ఇలాంటి బృందాలు దాదాపు 2 కోట్ల 30 లక్షల మంది మీద చేసిన 126 ప్రయోగాలను లెక్కేసి, అచ్చయిన పరిశోధనలతో పోల్చారు. పత్రికల్లో అచ్చయిన పరిశోధనల్లో సగటు ఫలితం 8.7 శాతం పాయింట్లు. ప్రభుత్వాల్లో పనిచేసే బృందాలు పెద్ద ఎత్తున అమలు చేసినవాటిలో 1.4 పాయింట్లు. తేడాకి పెద్ద కారణం ఏమిటంటే, బాగా వచ్చిన ఫలితాలే ఎక్కువగా అచ్చవుతాయి. మిగతావి సొరుగుల్లో ఉండిపోతాయి.

1.4 చిన్నదే. కానీ ఖర్చు దాదాపు సున్నా, చేరేది లక్షల మందికి. ఆ లెక్కన తీసిపారేయలేం, అలాగని ఉత్తరాలతో ప్రజారోగ్యం బాగుపడిపోతుందనీ అనలేం. ఎవరైనా "ఈ చిన్న మార్పుతో 40 శాతం పెరుగుదల" అని స్లైడ్ చూపిస్తే, ఎంతమంది మీద చేశారో, పోల్చడానికి ఇంకో గ్రూపు ఉందో లేదో అడగండి.

భయపెట్టడం, సిగ్గుపడేలా చేయడం పనిచేస్తుందా?

భయం ఒక్కటే చాలదు. ప్రమాదం చూపించిన మరుక్షణం తప్పించుకునే దారి కూడా, చేతనయ్యేంత తేలికగా, చూపించాలి. లేకపోతే జనం ప్రమాదాన్ని కాకుండా మీ ప్రకటనను తప్పించుకుంటారు.

సిగ్గు సంగతి మరీ సున్నితం. 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో కమల్ కార్ మొదలుపెట్టిన పారిశుద్ధ్య పద్ధతిలో, ఊరివాళ్లే నేల మీద ఊరి పటం గీసి, బహిర్భూమికి ఎక్కడెక్కడికి వెళ్తారో గుర్తుపెట్టి, అది తిరిగి తమ తిండిలోకి, నీళ్లలోకి ఎలా చేరుతోందో తామే తేల్చుకుంటారు. పుట్టే అసహ్యమే మరుగుదొడ్డి కట్టిస్తుంది. చాలా దేశాలకు పాకింది, చాలాచోట్ల పనిచేసింది. అయితే కొన్నిచోట్ల అది పేదవాళ్లను వేలెత్తి చూపడం, బెదిరించడం దాకా వెళ్లిందన్న విమర్శలూ వచ్చాయి. ఊరు మొత్తం కలిసి సిగ్గుపడటం వేరు, ఒక ఇంటిని నిలబెట్టి సిగ్గుపడేలా చేయడం వేరు. హెచ్‌ఐవీ, క్షయ, మానసిక సమస్యల విషయంలో ఈ దారి అసలు తొక్కకండి. సిగ్గుపడ్డ రోగి దాక్కుంటాడు.

కానుకలు ఇస్తే?

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఏ మార్పూ లేని ఊళ్లలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం. నెలనెలా ఠంచనుగా శిబిరం పెట్టిన చోట 18 శాతం. శిబిరంతో పాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, కోర్సు పూర్తయ్యాక పళ్లాలు ఇచ్చిన చోట 39 శాతం. వద్దని కాదు, ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ వాయిదా వేసేవాళ్లకి చిన్న కానుక ఇవాళే వెళ్లడానికి కారణం అయింది. నమ్మకం లేనివాళ్లకి మాత్రం కానుక ఇస్తే అనుమానం ఇంకా పెరగవచ్చు: మంచిదైతే ఎదురు ఎందుకిస్తున్నారు?

టీకా మీద వదంతులు వస్తే ఏం చేయాలి?

ముందు, వెనకాడేవాళ్లందరినీ ఒక గాటన కట్టకండి. మొండిగా వ్యతిరేకించేవాళ్లు కొద్దిమందే. సందేహం ఉన్నవాళ్లు ఎక్కువ. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కారణాలను మూడుగా చెప్పారు: నమ్మకం లేకపోవడం, జబ్బును తేలిగ్గా తీసుకోవడం, వేయించుకోవడం కష్టంగా ఉండటం.

డెన్మార్క్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అమ్మాయిలకు వేసే హెచ్‌పీవీ టీకా మొదట్లో చాలా బాగా నడిచింది. తర్వాత దుష్ప్రభావాల కథనాలు, 2015లో ఒక టీవీ డాక్యుమెంటరీ. వేయించుకునేవాళ్లు సగానికన్నా కిందికి పడిపోయారు. 2017లో ఆరోగ్య శాఖ, క్యాన్సర్ సొసైటీ, వైద్యుల సంఘం కలిసి రంగంలోకి దిగాయి. నిర్ణయం తీసుకునేది ఎక్కువగా తల్లులే, వాళ్లు వెతికేది సోషల్ మీడియాలో. అక్కడికే వెళ్లి, వచ్చిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబిచ్చారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన మహిళల అనుభవాలు వినిపించారు. టీకాలు మళ్లీ పుంజుకున్నాయి.

ఒక్కోసారి సమస్య టీకాలో కాదు, ఇస్తున్న చేతిలో ఉంటుంది. 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రం, దాంతోపాటు ఉత్తరాదిలో మరికొన్ని, పోలియో చుక్కలను ఆపేశాయి. పాశ్చాత్య దేశాల కుట్ర అన్నది అనుమానం. శాస్త్రీయ నివేదికలతో అది తీరలేదు. చివరికి ముస్లింలు అధికంగా ఉన్న ఇండోనేషియాలో తయారైన టీకా తెప్పించారు, మత పెద్దలు, స్థానిక పాలకులు మాట్లాడుకున్నారు, 2004లో కార్యక్రమం మళ్లీ మొదలైంది. ఈలోపు వైరస్ ఎన్నో దేశాలకి వెళ్లిపోయింది. ఆఫ్రికా ప్రాంతం సహజ పోలియో వైరస్ నుంచి బయటపడిందని ప్రకటించగలిగింది 2020 ఆగస్టు 25న.

ఇదంతా జనాన్ని మాయ చేయడం కాదా?

కావచ్చు, జాగ్రత్తగా లేకపోతే. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: మీరు చేస్తున్నదేమిటో, ఎందుకో ఆ మనుషులకే చెప్పేస్తే కోపం వస్తుందా? వస్తుందంటే మానేయండి. వద్దనుకునేవాళ్లు తేలికగా వద్దనగలగాలి. లాభం వాళ్లదై ఉండాలి, మీ టార్గెట్‌ది కాదు.

నమ్మకం పోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి పురుషులకు సిఫిలిస్ ఉందని తెలిసీ, పెనిసిలిన్ వచ్చాక కూడా, వైద్యం చేయకుండా గమనిస్తూ ఉండిపోయారు. 2011లో పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచార సంస్థ సీఐఏ దొంగ టీకా కార్యక్రమం నడిపించిందని బయటపడ్డాక, నిజమైన పోలియో కార్యకర్తల మీద అనుమానాలు, దాడులు పెరిగాయి. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని అమెరికా ప్రభుత్వం 2014లో చెప్పాల్సివచ్చింది. అలాంటి చోట జనం అనుమానపడితే దాన్ని అజ్ఞానం అనడం అన్యాయం.

అలవాటు మారడానికి 21 రోజులు చాలంటారు, నిజమేనా?

కాదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చూస్తే సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. నెల రోజుల ప్రచారోద్యమం పెట్టి అలవాటు మారలేదని బాధపడేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మాకు పరిశోధకులూ లేరు, బడ్జెట్టూ లేదు. ఏం చేయగలం?

సేవకి రాని పదిహేను ఇరవై మందితో, వచ్చిన పదిమందితో మాట్లాడండి. మీరే రోగిగా మీ కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి: బోర్డు కనబడుతోందా, ఎన్ని చోట్ల నిలబడ్డారు, ఎన్ని కాగితాలు నింపారు, ఎవరైనా మొహం చూసి మాట్లాడారా. రాసుకున్న జాబితాలో సగం పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగినవే ఉంటాయి. ఒక మార్పు చేయండి, కొన్నిచోట్ల చేసి కొన్నిచోట్ల ఆపండి, రిజిస్టరు అంకెలు పోల్చండి. మనిషికి పోస్టరు నచ్చిందా అన్నది కొలత కాదు, వచ్చాడా అన్నదే కొలత.

ప్రపంచ స్థాయిలో దీనికి గుర్తింపు ఉందా?

ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతంలోని 53 దేశాలు 2022 సెప్టెంబరులో ఇందుకోసమే ఒక కార్యాచరణను ఆమోదించాయి, 2027 దాకా అమల్లో ఉంటుంది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ, ఆరోగ్యం కోసం ప్రవర్తన శాస్త్రాలను వాడాలని తీర్మానం చేసింది.

ఇది ఎక్కడ పనికిరాదు?

నల్లాలో నీళ్లు రాని చోట చేతులు కడుక్కునే అలవాటు మీద అధ్యయనం చేయకండి, నీళ్లు తెప్పించండి. పొగాకు మీద పన్ను, గాలి కాలుష్యం మీద చట్టం, ఆసుపత్రిలో ఖాళీ పోస్టులు, వీటి బదులు "జనం ప్రవర్తన మారాలి" అని ఎవరైనా అంటుంటే, చాలాసార్లు ఆ మాట వెనక ఖర్చు తప్పించుకునే ఆలోచన ఉంటుంది. అప్పుడు "ఎవరు, ఏం చేయాలి, ఎప్పుడు, ఎక్కడ" అని రాసుకున్న కాగితం తీసి, ఆ పన్ను వేయాల్సిన, ఆ పోస్టు నింపాల్సిన అధికారి పేరే "ఎవరు" అన్న గడిలో రాయండి.